మూణ్ణెల్లకో అబద్ధం

2009 జనవరి 7, బుధవారం. సంక్రాంతి వారంలోకి వచ్చేసింది. జలదంకి, కలిగిరి, వింజమూరు వైపు ఇళ్ళలో అరిసెలకు బియ్యం నానబోసే రోజులు. సికింద్రాబాదులో సింహపురి ఎక్కి తెల్లవారేసరికి కావలిలో దిగే పిల్లల కోసం కాచుకునే రోజులు. ఆ పొద్దు పదకొండు దాటాక టీవీ తెరల అడుగున అక్షరాలు పరుగెత్తాయి: సత్యం కంప్యూటర్స్ చైర్మన్ బైర్రాజు రామలింగరాజు రాజీనామా. కాసేపటికి ఆ రాజీనామా ఉత్తరాన్నే చదవడం మొదలుపెట్టారు. కంపెనీ చేతిలో ఉన్నట్టు చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవు. రావలసిన వడ్డీ అని రాసిన 376 కోట్లు లేవు. ఖాతాల్లో చూపని అప్పు 1,230 కోట్లుంది. బాకీదారుల నుంచి రావలసినదాన్ని 490 కోట్లు పెంచి రాశారు. ఎవరో సోదాచేసి పట్టుకున్న లెక్కలు కావివి. కంపెనీని కన్న మనిషే సంతకం పెట్టి చెప్పిన లెక్కలు.

జలదంకిలో ఆ కంపెనీకి ఆఫీసు లేదు. దాని షేర్లు కొన్న ఇళ్ళు ఈ చుట్టుపక్కల వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అయినా ఆ కబురు మా మెట్టలో చావు కబురులా తగిలింది. ఎందుకో చెప్పాలంటే ఈ నేల గురించి చెప్పాలి.

ఉదయగిరి కొండల నుంచి కావలి దాకా పరుచుకున్న మెట్ట ఇది. పెన్న మీద సోమశిల కట్టినా ఆ నీళ్ళు అందరి పొలాలకూ ఎక్కలేదు. వాన పడితే చెరువు కింద వరి, లేకపోతే లేదు. పొగాకు వేసినవాళ్ళు కలిగిరి, డీసీపల్లి వేలం కేంద్రాలకు బేళ్ళు తోలుకుపోయి, ఆ ఏడు ధర ఎట్లా పలికితే అట్లా బతికారు. అలాంటి ఇళ్ళ నుంచి పిల్లలు కావలికో నెల్లూరుకో పోయి చదివి, ఆపైన హైదరాబాదు చేరి, అమీర్‌పేటలో నలుగురైదుగురు ఒక గదిలో ఉండి కంప్యూటరు కోర్సులు నేర్చుకున్నారు. పొగాకు డబ్బు ఫీజుగా మారిన తరం వాళ్ళది. వాళ్ళలో ఎందరో చేరాలనుకున్న గుమ్మం ఒకటుంది. బెంగళూరుదో బొంబాయిదో కాదు, తెలుగువాడు పెట్టినది. భీమవరం పక్క రైతుబిడ్డ పెట్టినది. ‘పిల్లోడు సత్యంలో చేస్తున్నాడు’ అని పెళ్ళిచూపుల్లో ఒక్క మాట అంటే, అవతలివాళ్ళు పొలం ఎన్నెకరాలని అడగడం మానేసిన కాలం అది.

రామలింగరాజు 1954 సెప్టెంబరు 16న పుట్టారు. తండ్రి సత్యనారాయణరాజు. విజయవాడ ఆంధ్ర లయోలా కాలేజీలో బీకాం, అమెరికాలో ఒహాయో యూనివర్సిటీలో ఎంబీఏ. 1977లో తిరిగొచ్చి నూలు మిల్లు, హోటలు, కట్టడాల కాంట్రాక్టులు చేశారు. 1987లో సికింద్రాబాదు పీ అండ్ టీ కాలనీలో ఇరవై మంది దాకా ఉద్యోగులతో సత్యం కంప్యూటర్ సర్వీసెస్ మొదలుపెట్టారు. టెలిఫోను కనెక్షన్ కోసం జనం ఏళ్ళ తరబడి కాచుకున్న దేశమది. కంప్యూటరు దిగుమతి చేసుకోవాలంటే లైసెన్సు కోసం ఢిల్లీ చుట్టూ తిరగాలి. అలాంటప్పుడు ఇక్కడ కూచుని అమెరికా కంపెనీల పని చేసిపెడతామని బయలుదేరడం చిన్న ధైర్యం కాదు. 1991లో వాళ్ళకు మొదటి పెద్ద ఖాతాదారు దొరికాడు, ట్రాక్టర్లు తయారుచేసే జాన్ డీర్. కొద్ది కాలానికే షేర్లు జనానికి అమ్మకానికి పెడితే, ఇవ్వదలచినదానికి పదిహేడు రెట్ల దరఖాస్తులు వచ్చాయి.

కంపెనీ పెట్టినవాడి రోజును నడిపే గడియారం ఎక్కడ మారుతుందో ఇక్కడ చూడాలి. మొదటి ఏళ్ళలో ఆ మనిషికి ఒకటే గడువు, ఒకటో తారీకు. జీతాలివ్వాలి. పొద్దున లేచినప్పటి నుంచి పని కోసం తిరగడం, చేసిన పనికి డబ్బు రాబట్టుకోవడం, మధ్యాహ్నం కుర్రాళ్ళతో కూచుని చిక్కుముడి విప్పడం, రాత్రి అమెరికా లేచే వేళకు ఫోను దగ్గర కాచుకోవడం. కష్టమైన రోజే. కానీ ఆ రోజులో దాచవలసింది ఏమీ లేదు. డబ్బుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. షేర్ మార్కెట్‌లోకి అడుగుపెట్టాక గడువు మారుతుంది. మూడు నెలలకోసారి అంకెలు చెప్పాలి. పోయిన మూణ్ణెల్ల కంటే ఎక్కువ చెప్పాలి. పక్కవాడి కంటే తక్కువ చెప్పకూడదు. ఇన్ఫోసిస్, విప్రో, టీసీఎస్ పక్కన నిలబడిన సత్యానికి ఈ మూణ్ణెల్ల పరీక్ష తప్పలేదు. దానికి చదివి రాసిన కంపెనీలున్నాయి. తప్పామని చెప్పి, మార్కెట్ తిట్టు తిని, మళ్ళీ లేచిన కంపెనీలూ ఉన్నాయి. రామలింగరాజు మూడో దారి పట్టారు.

సీబీఐ లెక్క ప్రకారం 2001 నుంచి 2008 దాకా. అంటే దాదాపు ముప్పై త్రైమాసికాలు. ఉత్తరంలో ఆయన చెప్పుకున్నదాన్ని బట్టి నిజమైన లాభానికీ చూపిన లాభానికీ మధ్య తేడా మొదట కొంచెమే. కంపెనీ పెరిగేకొద్దీ అదీ పెరిగింది. చెరువుకట్టలో ఎండ్రకాయ చేసిన బొక్కలాగా. దిగువన ఉన్నవాళ్ళకు తడి కనిపించేసరికి కట్ట లోపలంతా డొల్ల.

ఆ తేడాను నిలబెట్టడమే ఒక దినచర్య అయింది. ఒక్కసారి చెప్పి ఊరుకుంటే సరిపోయే అబద్ధం కాదిది. రాని పనికి బిల్లు రాయాలి. దర్యాప్తులో తేలినవి 7,561 దొంగ బిల్లులు. కంపెనీ బిల్లుల విధానంలోకి ప్రత్యేక అధికారంతో చొరబడి, ఈ బిల్లులకు ఒక గుర్తు పెట్టేవాళ్ళు. ఆ గుర్తున్న బిల్లు ఆ పని చేసే విభాగాలవాళ్ళ కంటికి కనిపించదు. ఆదాయం లెక్కలో మాత్రం చేరిపోతుంది. బిల్లు రాశాక డబ్బు వచ్చినట్టు చూపాలి కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంట్లు తయారుచేయాలి. అంత డబ్బు బ్యాంకులో ఊరికే ఉందంటే ఎవరైనా అడుగుతారు కాబట్టి ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు పుట్టించాలి. డిపాజిట్ ఉందన్నాక వడ్డీ రావాలి. వడ్డీ వచ్చిందన్నాక దానికి ఆదాయపు పన్ను కట్టాలి. కట్టారు కూడా. లేని డబ్బు మీద రాని వడ్డీకి, ఉన్న డబ్బులోంచి తీసి పన్ను కట్టారు. ఆ పన్ను తిరిగి ఇమ్మని కొత్త యాజమాన్యం తరవాత ఏళ్ళ తరబడి ప్రభుత్వంతో పోరాడవలసి వచ్చింది.

పగలు ఆయన చేసిన పని వేరు. దేశదేశాల ఖాతాదారులు, సభలు, సన్మానాలు. 1999 అక్టోబరులో సత్యం ఇన్ఫోవే అమెరికా నాస్‌డాక్‌లో చేరింది. మన దేశం నుంచి ఆ గడప తొక్కిన మొదటి ఇంటర్నెట్ కంపెనీ. 2001లో సత్యం న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజికి వెళ్ళింది. 2006లో సాఫ్ట్‌వేర్ పరిశ్రమ సంఘం నాస్కామ్‌కు ఆయనే చైర్మన్. 2007లో ఎర్నెస్ట్ అండ్ యంగ్ వారి ఆ ఏటి మేటి పారిశ్రామికవేత్త. 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు కంప్యూటరు సేవలందించే ఒప్పందం. బహదూర్‌పల్లిలో చెట్ల మధ్య విశాలమైన క్యాంపస్. 53,000 మంది ఉద్యోగులు, అరవైకి పైగా దేశాల్లో పని. 2008 సెప్టెంబరులో, పాలన పద్ధతిగా ఉన్నందుకు గోల్డెన్ పీకాక్ అవార్డు. గొంతు పెంచి మాట్లాడని మనిషి. ఎదుటివాడు చెప్పేది ఆసాంతం వినే మనిషి. ఆయన్ను చూసినవాళ్ళు మంచివాడన్నారంటే దాంట్లో ఆశ్చర్యం లేదు, వాళ్ళు చూసిన మనిషి మంచివాడే.

నన్ను ఈనాటికీ కలచివేసేది ఆ ఉత్తరంలో ఉన్న ఒక జత అంకెలు. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూణ్ణెల్లకు ఆదాయం 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు అని ప్రకటించారు. అసలు ఆదాయం 2,112 కోట్లు. అసలు లాభం 61 కోట్లు. నూటికి 24 అని చెప్పినచోట నిజంగా మిగిలింది నూటికి 3. ఈ అంకెల్ని అందరూ మోసం కొలవడానికి చదివారు. నేను ఇంకోలా చదువుతాను. మూడు నెలల్లో రెండు వేల నూట పన్నెండు కోట్ల పని నిజంగా జరిగింది. సియాటిల్‌లోనూ సిడ్నీలోనూ ఎవరి పనో ఆగకుండా, మన పిల్లలు రాత్రింబగళ్ళు కూచుని చేసిన పని. అంత ఖర్చూ పోను మిగిలిన 61 కోట్లు నిజమైన లాభం. నీటిచుక్క లేని మెట్ట నుంచి పోయిన కుర్రాడు, కోనసీమ నుంచి వచ్చిన అమ్మాయి, ఆదిలాబాదు నుంచి వచ్చిన ఇంకొకరు కలిసి సంపాదించిన లాభం. అది చాలదనుకున్నారు. ఆ 61ని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డారు. వాళ్ళ నిజమైన కష్టం మీద లేని 588 కోట్ల ఆదాయాన్ని పరిచి, చివరికి ఆ నిజాన్ని కూడా అబద్ధం చేశారు. ఉద్యోగులకు జరిగిన ద్రోహాల్లో ఇదే అన్నిటికన్నా పెద్దదని నా నమ్మకం. పోయిన జీతాల కన్నా పెద్దది.

ఖాతాలను తనిఖీ చేసింది ప్రైస్ వాటర్‌హౌస్. ఎనిమిదేళ్ళపాటు సంతకాలు పెట్టింది. బ్యాంకుకు నేరుగా రాసి, ఈ డిపాజిట్లు మీ దగ్గర ఉన్నాయా అని అడిగి, వచ్చిన జవాబును నమ్మి ఉంటే కథ ఎప్పుడో ముగిసేది. బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్ కృష్ణ పాలెపు, హైదరాబాదు ఐఎస్‌బీ డీన్ ఎం. రామమోహనరావు, పెంటియం చిప్ పితామహుడని పేరొందిన వినోద్ ధామ్ లాంటివాళ్ళున్నారు. అంతమంది పెద్దల మధ్య ఒక మామూలు ప్రశ్న పుట్టలేదు: నూరు కోట్లు, రెండు నూర్లు కాదు, ఐదు వేల కోట్లు చేతిలో ఉంచుకున్న కంపెనీ దాన్ని దేనికీ వాడదేం?

డబ్బు వాడకం ఉన్నది ఇంకోచోట. నేల మీద. కుటుంబం వాళ్ళు, వందల సంఖ్యలో పెట్టిన చిన్నచిన్న కంపెనీలు హైదరాబాదు చుట్టూ వేల ఎకరాలు కొన్నాయి. కొడుకుల చేతుల్లో మేటాస్ ఇన్‌ఫ్రా, మేటాస్ ప్రాపర్టీస్. 2008లో హైదరాబాదు మెట్రో రైలు కాంట్రాక్టు మేటాస్ బృందానికి దక్కింది. ప్రభుత్వం ఎదురు డబ్బివ్వాలని మిగతావాళ్ళు అడిగిన పనికి, తామే ప్రభుత్వానికి 30,311 కోట్లు ఇస్తామన్నారు. రైలు కన్నా దాని చుట్టూ ఉండే భూమి మీదే కన్ను అని ఢిల్లీ మెట్రో శ్రీధరన్ ఆ సెప్టెంబరులోనే హెచ్చరించారు. ఆయన్ను కసిరారు తప్ప ఆ మాట వినలేదు. అదే నెలలో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది. భూముల ధరలు ఆగిపోయాయి. షేర్లు కుదువపెట్టి అప్పు తెచ్చిన కుటుంబానికి, ఆ ఏడు మేలో 540 దాటిన సత్యం షేరు జారుతూ పోవడం ఊపిరి బిగబట్టే సంగతైంది. అప్పులిచ్చినవాళ్ళు కుదువలోని షేర్లు అమ్మేస్తుంటే, సొంత కంపెనీలో ఆయన వాటా ఆయన చేతుల్లోంచే కరిగిపోయింది.

ఆ చివరి మూడు వారాలు చెప్పడానికి నోరు రాదు. డిసెంబరు 16న బోర్డు కూడి, 160 కోట్ల డాలర్లకు రెండు మేటాస్ కంపెనీలనూ సత్యం కొంటుందని ప్రకటించింది. లేని నగదు స్థానంలో ఉన్న నేలను పెట్టి లెక్క సరిచేయాలన్నది ఆయన ఆలోచన. ఉత్తరంలో ఆ మాట ఆయనే రాశారు. తండ్రి కంపెనీ డబ్బుతో కొడుకుల కంపెనీలు కొనడమేమిటని మదుపరులు ఆ రాత్రే తిరగబడ్డారు. న్యూయార్క్‌లో షేరు సగానికి పైగా పడింది. పన్నెండు గంటలు తిరక్కముందే వెనక్కి తీసుకున్నారు. డిసెంబరు 23న, ప్రపంచ బ్యాంకు తన పనుల నుంచి సత్యాన్ని ఎనిమిదేళ్ళు వెలివేసిందన్న సంగతి బయటికొచ్చింది. ఆ వారంలోనే మంగళం శ్రీనివాసన్, తరవాత పాలెపు, ధామ్, రామమోహనరావు ఒకరి వెనక ఒకరు బోర్డు వదిలిపోయారు. కంపెనీని ఎవరికైనా అప్పగించే దారి వెతకమని పిలిపించిన మెరిల్ లించ్ వాళ్ళు ఖాతాలు తిరగేసి తప్పుకున్నారు. ఇంకెవరూ మిగల్లేదు. పులి మీద ఎక్కినవాడు దిగితే అదే తినేస్తుందన్న భయంతో స్వారీ చేస్తూ పోయినట్టు ఆయన రాసుకున్నారు. ఒక్క రూపాయి తాను గానీ తమ్ముడు గానీ తీసుకోలేదని కూడా రాశారు. దర్యాప్తు సంస్థలు ఆ మాట ఒప్పుకోలేదు. తరవాత కోర్టూ ఒప్పుకోలేదు.

జనవరి 7 సాయంత్రానికి షేరు 40 రూపాయలకు దిగింది; ఒక్క రోజులో నూటికి 78 వంతులు. 9న ఒక దశలో ఏడు రూపాయలకంటే కిందికి పోయింది. ఆ రాత్రే రామలింగరాజును, తమ్ముడు రామరాజును రాష్ట్ర పోలీసులు అరెస్టు చేశారు. మరునాడు ఆర్థిక వ్యవహారాల అధిపతి వడ్లమాని శ్రీనివాస్‌నూ. చంచల్‌గూడ జైలు గోడల అవతలికి వెళ్ళిన మనిషి దినచర్యను అక్కణ్ణుంచి గంటలు నడిపాయి: లెక్క కోసం వరసలో నిలబడే గంట, అన్నం గంట, తాళం గంట. కొన్నాళ్ళకు కాలేయ వ్యాధితో నిమ్స్‌లో పోలీసు కాపలా మధ్య మంచం. 2010 ఆగస్టులో హైకోర్టు బెయిలిచ్చింది. అక్టోబరులో సుప్రీంకోర్టు రద్దు చేసింది. నవంబరు 10న మళ్ళీ లొంగిపోయారు. 2011 నవంబరులో గానీ విడుదల కాలేదు. అన్నీ కలిపితే రెండున్నరేళ్ళకు పైగా. మూడు నెలలకోసారి ప్రపంచానికి జవాబు చెప్పుకున్న మనిషి రెండు వారాలకోసారి రిమాండు పొడిగింపు కోసం జడ్జి ముందు నిలబడ్డారు.

ఆ సంక్రాంతికి మా వైపు పిల్లలు వచ్చారు. రిజర్వేషన్లు ముందే చేసుకున్నవి గదా. వచ్చినవాళ్ళను ఏమని అడగాలో పెద్దవాళ్ళకు తెలియలేదు. ‘జీతం పడిందా నాయనా’ అని అడగడానికి నోరాడక, ‘అంతా బాగేనా’ అన్నారు. బాగేనన్నారు వాళ్ళు. ఫోనులో మాత్రం గంటగంటకూ హైదరాబాదు స్నేహితులతో మాట్లాడుతూనే ఉన్నారు. ఇల్లు కొనడానికి అప్పు తీసుకున్నవాళ్ళున్నారు. చెల్లెలి పెళ్ళికి మాటిచ్చినవాళ్ళున్నారు. ఇన్నాళ్ళూ కంపెనీ పేరు చెబితే తెరుచుకున్న బ్యాంకు తలుపు ఇప్పుడు అదే పేరుకు మూసుకుంది. పుట్టెడు అవమానం ఇంకొకటి: సత్యం అనగానే బస్సులో పక్క సీటువాడు నవ్వడం. మోసం చేసింది ఎవరో పదిమంది. నవ్వుల పాలైంది యాభై మూడు వేలమంది.

అయినా వాళ్ళు పని ఆపలేదు. ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. ప్రభుత్వం పాత బోర్డును రద్దుచేసి కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, సి. అచ్యుతన్‌లను, తరవాత తరుణ్ దాస్, టి.ఎన్. మనోహరన్, ఎల్‌ఐసీ నుంచి ఎస్.బి. మైనాక్‌లను నియమించింది. కంపెనీ ఖజానాలో ఏముందో వాళ్ళకే అంతు చిక్కని ఆ వారాల్లో, ఖాతాదారుల పని ఒక్క షిఫ్టు తప్పకుండా నడిచింది. దేశాల అవతల బ్యాంకులు, కర్మాగారాలు, విమాన కంపెనీలు నడిచాయి. కంపెనీని నిలబెట్టింది ఎవరని అడిగితే నేను ముందు చెప్పేది వాళ్ళ పేరే. ఒక్కొక్కరి పేరూ ఎక్కడా రాసి ఉండదు. 2009 ఏప్రిల్ 13న వేలంలో షేరుకు 58 రూపాయలిచ్చి టెక్ మహీంద్రా కొనుక్కుంది. జూన్‌లో కంపెనీ మహీంద్రా సత్యం అయింది. అదే నెలలో పని లేని వేలమందిని తగ్గించిన జీతం మీద ఇళ్ళ దగ్గర కూర్చోబెట్టారు. పిలుపు వస్తే వెళ్ళాలి. ఆ వేసవిలో మా ఊళ్ళ అరుగుల మీద, ఇంగ్లీషు బాగా మాట్లాడే కుర్రాళ్ళు మధ్యాహ్నం పూట కనిపించారు. అప్పుడప్పుడు లేచి ఫోను చూసుకునేవాళ్ళు.

ఇదంతా ఒకవైపు. ఇంకోవైపు చెప్పకపోతే ఈ గాథ సగమే.

తండ్రి పేరు మీద ఆయన కుటుంబం 2001లో బైర్రాజు ఫౌండేషన్ పెట్టి, గోదావరి జిల్లాల పల్లెల్లో మంచినీళ్ళు, వైద్యం, చదువు అని తిరిగింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆయన పెట్టిన 108 అంబులెన్సు సేవ మొదలైంది. ఇవాళ ఉదయగిరి ఘాట్‌లో బండి బోల్తాపడ్డా, వరికుంటపాడులో నెలలు నిండిన అమ్మాయికి అర్ధరాత్రి నొప్పులొచ్చినా జనం నొక్కే మూడంకెలు అవే. అంతకు ముందు ఇక్కడ కాన్పు కష్టమైతే మంచం మీద మోసుకొచ్చి, రోడ్డు మీద ఏ లారీనో చెయ్యెత్తి ఆపి కావలికి తీసుకుపోయేవాళ్ళు. దారిలోనే పోయిన తల్లులున్నారు. రామలింగరాజు జైలుకు పోయాక ఆ సేవ ఆగిపోతుందేమోనన్న భయం పల్లెలను పట్టుకుంది. 2009లో జీవీకే సంస్థ ముందుకొచ్చి అందుకుంది. నడిపే చేతులు మారుతూ వచ్చాయి, నంబరు మారలేదు. దేశంలోని చాలా రాష్ట్రాలకు ఆ నంబరు పాకింది.

ఈ రెంటినీ ఎట్లా కలపాలో నాకు ఇప్పటికీ చేతకాదు. దొంగ బిల్లుకు మొహరు వేయించిన మనిషి, ఊరి చివర గుడిసెకు అంబులెన్సు పంపిన మనిషి, ఇద్దరూ ఒకే పొద్దున లేచారు, ఒకే కారులో ఆఫీసుకు వెళ్ళారు. మంచి పని చెడ్డ పనిని కప్పడానికే చేశాడని కొందరంటారు. నేనట్లా అనుకోలేను. కప్పడానికైతే అంత బాగా చేయనక్కర్లేదు. అలాగని అది ఇదీ చెల్లుకు చెల్లు అని కూడా అనలేను. 108లో బతికిన ప్రాణం లెక్క వేరు, 58 రూపాయలకు షేరు అమ్ముకున్న రిటైర్డు మాస్టారి లెక్క వేరు. ఒకదాని నుంచి ఇంకోటి తీసివేయడానికి వాటిని కలిపే ఖాతా ఏ ఆడిటరు దగ్గరా లేదు.

విచారణ ఆరేళ్ళు నడిచింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక కోర్టు పదిమందినీ దోషులని తేల్చి, రామలింగరాజుకు ఏడేళ్ళ కఠిన శిక్ష విధించింది. చర్లపల్లి జైలుకు తీసుకుపోయారు. మే 11న పైకోర్టు శిక్ష అమలును నిలిపి బెయిలిచ్చింది. అంతకు ముందు ఏడే సెబీ ఆయన్ను 14 ఏళ్ళపాటు షేర్ మార్కెట్ గడప తొక్కవద్దంది. మెట్రో కాంట్రాక్టు 2009లోనే రద్దయింది. ఎల్ అండ్ టీ దాన్ని కట్టింది. అమీర్‌పేట నడిబొడ్డున ఇప్పుడు ఆ రైలు ఆగుతుంది.

డబ్బు పోయినవాళ్ళ సంగతి మాత్రం రెండు దారులుగా చీలింది. న్యూయార్క్‌లో సత్యం షేరు కొన్న అమెరికా మదుపరులు అందరూ కలిసి ఒక్క దావా వేశారు. ఆ దేశ చట్టం అందుకు ఒప్పుకుంటుంది. 2011లో కంపెనీ వాళ్ళకు 12.5 కోట్ల డాలర్లు, ఆడిటర్లు ఇంకో 2.55 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకున్నారు. అదే షేరును అదే అబద్ధం నమ్మి బొంబాయి మార్కెట్‌లో కొన్న మన చిన్న మదుపరికి అలా కలిసి అడిగే చట్టమే లేదు. నెల్లూరు ట్రంకురోడ్డు బ్రోకరు ఆఫీసులో పదవీ విరమణ డబ్బులోంచి కొంత పెట్టి కొన్నవాళ్ళకు, కొడుకు పనిచేసే కంపెనీ గదా అని నూరో యాభయ్యో కొన్నవాళ్ళకు ఒక్క పైసా పరిహారం రాలేదు. వాళ్ళు సుప్రీంకోర్టు దాకా తలుపు తట్టి చూశారు. వాటాదారులు ఒక్కటై కంపెనీని, ఆడిటరును నిలదీసే హక్కును 2013 కంపెనీల చట్టం ఇచ్చింది. ఆ సెక్షన్ అమల్లోకి వచ్చింది 2016లో. ఈలోగా 2013 జూన్‌లో మహీంద్రా సత్యాన్ని టెక్ మహీంద్రాలో కలిపేశారు. పాత షేర్లు పదిహేడు ఉన్నవాళ్ళకు కొత్తవి రెండు ఇచ్చి, సత్యం అన్న పేరును మార్కెట్ పట్టీలోంచి తీసేశారు.